పరుగెత్తమన్నదీ వాళ్లే, పడుకోమన్నదీ వాళ్లే

జూలై 26 దగ్గర పడుతోందంటే మా మండలంలో ఏదో ఒక స్కూలు నుంచి ఫోన్ వస్తుంది. "సార్, కార్గిల్ విజయ్ దివస్‌కి పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలి" అంటారు. వెళ్తాను. పిల్లలవన్నీ ఒకే రకం ప్రశ్నలు. టైగర్ హిల్ చూశారా, గన్ పేలితే ఎంత సౌండ్ వస్తుంది, భయం వేయలేదా. యుద్ధానికి ముందు ఏం చేసేవారని ఒక్కరూ అడగరు. అడిగితే గంటసేపు చెప్పగలను. యుద్ధం రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. ట్రైనింగ్ మాత్రం బూటు లేసు ఎలా కట్టుకోవాలో చెప్పిన మాటతో సహా గుర్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. నాన్నకి రెండెకరాల వరి, కాస్త జీడితోట. మా వైపు చదువు ఇంటర్ దగ్గర ఆగిపోయిన కుర్రాడికి దారులు తక్కువ. హైదరాబాద్ వెళ్లి బిల్డింగ్ పనిలో చేరాలి, సముద్రం పక్క ఊరైతే గుజరాత్ వెళ్లి చేపల బోటెక్కాలి, లేదా మిలటరీ. అందుకే తెల్లవారుజామున చెరువు గట్టు మీద పరుగెత్తే కుర్రాళ్లు మా ఊళ్లన్నింటిలోనూ కనిపిస్తారు. నేనూ అలా పరుగెత్తినవాణ్ణే. మా పెదనాన్న కొడుకు అప్పటికే ఆర్మీలో ఉన్నాడు. సెలవుకి వచ్చినప్పుడు రమ్ము సీసాలు తెచ్చేవాడని ఊళ్లో పెద్దలకి గౌరవం. ఇస్త్రీ మడత చెడకుండా చొక్కా వేసుకునేవాడని నాకు గౌరవం.

1998 మొదట్లో విశాఖపట్నం రిక్రూట్‌మెంట్‌కి వెళ్లాం. మైలు పరుగు, బీమ్ మీద పుల్లప్స్, తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, ఆ తర్వాత మెడికల్. పరుగులో నెగ్గినవాళ్లు కూడా మెడికల్‌లో రాలిపోయారు. ఒకడికి అరికాలు చదునుగా ఉందన్నారు, ఒకడికి మోకాళ్లు తగులుతున్నాయన్నారు, ఇంకొకడిని చెవిలో గుమిలి తీయించుకుని రమ్మన్నారు. ఆ గుమిలివాడు మర్నాడు చెవులు శుభ్రంగా చేయించుకుని వచ్చి సెలెక్ట్ అయ్యాడు. వాడిది పాలకొండ. ట్రైనింగ్‌లో నా పక్క మంచం వాడిదే.

కొన్ని వారాలకి కాల్ లెటర్ వచ్చింది. ఆర్టిలరీ సెంటర్, అంటే ఫిరంగి దళం ట్రైనింగ్ కేంద్రం, గోల్కొండ, హైదరాబాద్. ఊళ్లో అందరూ అదృష్టవంతుడివన్నారు. కశ్మీరుకో అస్సాముకో కాకుండా హైదరాబాద్! చార్మినార్ చూడొచ్చు, సినిమాలు చూడొచ్చు, చుట్టాలున్నారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ దిగేసరికి స్టేషన్ బయట మిలటరీ ట్రక్కు రెడీగా ఉంది. దాని వెనక ఎక్కి టార్పాలిన్ సందులోంచి చూసిన హైదరాబాదే నేను చూసిన హైదరాబాద్. ఏడాది అక్కడే ఉండి కూడా చార్మినార్ దగ్గరకి వెళ్లలేదంటే మావాళ్లు ఇప్పటికీ నమ్మరు.

మొదటి రోజు మంగలి దగ్గర లైను. కుర్చీలో కూర్చోవడం, లేవడం, అంతే. ఎవరికి ఏ క్రాఫు కావాలని అడిగే పనే లేదు. తర్వాత స్టోర్‌లో మగ్గు, ప్లేటు, రెండు కంబళ్లు, దోమతెర, పీటీ బూట్లు, నల్ల బూట్లు ఇచ్చారు. నల్ల రేకు ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు, ఊరి అడ్రసు రాయించారు. ఊరి అడ్రసు ఎందుకని ఎవరో అడిగితే ఉస్తాద్ నవ్వాడు తప్ప జవాబు చెప్పలేదు.

ఉస్తాద్ అంటే మాకు డ్రిల్లు, పీటీ, గన్ నేర్పే హవల్దారు. మమ్మల్ని పిలిచే పేరు రంగ్‌రూట్, అంటే కొత్త రిక్రూట్. పేరు పెట్టి పిలవడానికి చాలాకాలం పట్టింది. మాలో మేము ఊళ్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. పాలకొండ, గిద్దలూరు, కడప. నేను టెక్కలి. బ్యారక్‌లో తమిళులు, మలయాళీలు, బీహారీలు, పంజాబీలు, మరాఠీలు అందరూ ఉండేవారు. హిందీ రాకపోతే బతుకు లేదు. మా తెలుగువాళ్లకి హిందీ స్కూల్లో వచ్చింది పాస్ మార్కులకి మాత్రమే. "సావధాన్ (అటెన్షన్), విశ్రామ్ (స్టాండ్ ఎట్ ఈజ్), దాహినే ముడ్ (కుడికి తిరుగు)" అని మూడు ముక్కలు వచ్చేదాకా పక్కవాణ్ణి చూసి తిరిగేవాళ్లం. పక్కవాడు కూడా తెలుగువాడైతే ఇద్దరం కలిసి ఎడమకి తిరిగేవాళ్లం, మిగతా ప్లటూన్ కుడికి.

పొద్దున్న నాలుగు గంటలకి ఈల. మీసం కూడా మొలవని కుర్రాడైనా గడ్డం గీసుకోవాల్సిందే. ఉస్తాద్ చెంప మీద దూది రాసి చూసేవాడు, దూది పోగు అంటుకుంటే అయిపోయినట్టే. చీకట్లోనే మగ్గులో టీ. ఆ టీకి ఆర్మీలో గన్‌ఫైర్ అని పేరు. తర్వాత పీటీ, పరుగు, తాడెక్కడం, టిఫిను, డ్రిల్లు, వెపన్ క్లాసు, భోజనం, మళ్లీ క్లాసు, ఆటలు, రాత్రి రోల్ కాల్. అక్కడి నేల మీకు తెలిసిందే కదా, ఎటు చూసినా గుండ్రాళ్లు, గరుకు మట్టి. ఆ మట్టిలో ఫ్రంట్ రోల్ కొట్టిస్తే వీపు మీద మొలిచిన గీతలు వారం దాకా పోవు. ఏప్రిల్, మే ఎండల్లో బండరాయి వేడి మోచేతులకి తగిలేది. ఏదైనా తేడా వస్తే రగడా. రగడా అంటే ఫలానా శిక్ష అని ఒకటుండదు, ఆ పూట ఉస్తాద్‌కి ఏది తోస్తే అది. ఒకటి మాత్రం ఖాయం, తప్పు ఒకడిదైనా రగడా అందరికీ.

అన్నిటికంటే మమ్మల్ని ఏడిపించింది తిండి. కడుపునిండా పెట్టేవారు, అందులో లోటు లేదు. కానీ రోటీలు. చోడంబలి తాగి, ఉప్పుచేప నంజుకుని అన్నం తిన్న నోటికి రోటీ, పప్పు ఎంత తిన్నా తిన్నట్టుండేది కాదు. అన్నం ఉండేది గానీ దాంట్లోకి పులుపు, కారం ఏవీ? ఎండాకాలంలో గిద్దలూరు వాడి బంధువు, హైదరాబాద్‌లోనే ఉండే మనిషి, ఆదివారం విజిటింగ్‌కి వచ్చి ఆవకాయ సీసా ఇచ్చి వెళ్లాడు. హార్లిక్స్ సీసా అది. మూత మీద గుడ్డ కట్టి, గిద్దలూరు దాన్ని ట్రంకులో అడుగున, తెల్ల బనియన్ల మధ్య దాచాడు. రాత్రి లైట్లార్పాక తెలుగువాళ్లమంతా వాడి మంచం దగ్గర చేరేవాళ్లం. లంగర్ (మా వంటశాల) నుంచి తెచ్చిన రోటీ ముక్కకి వేలితో కాస్త రాసుకుంటే చాలు. మూడో రోజుకి పంజాబీ కుర్రాడొకడు వాసన పట్టి వచ్చాడు, ఆ వెనకే బీహారీ. వారం తిరిగేసరికి సగం బ్యారక్ మా కస్టమర్లు.

అప్పుడే కిట్ ఇన్‌స్పెక్షన్ పెట్టారు. ప్రతి వస్తువూ మంచం మీద వరుసగా, మడతలు గీత గీసినట్టుగా ఉండాలి. గిద్దలూరు ట్రంకు తెరిచేసరికి సీసా పక్కకి ఒరిగి ఉంది. నూనె కారి పీటీ బనియన్లన్నీ ఎర్రగా, ఆవపిండి అంటుకుని. ఉస్తాద్ ఒక బనియన్ని రెండు వేళ్లతో పట్టి పైకెత్తి చూశాడు. వాసన చూశాడు. ఇది రక్తమా అని అడిగాడు. "నహీ ఉస్తాద్, ఆచార్" అన్నాడు గిద్దలూరు. ఎవరెవరు తిన్నారో ముందుకు రమ్మన్నాడు. తెలుగువాళ్లం వచ్చాం. ఆ వెనక పంజాబీ వచ్చాడు, బీహారీ వచ్చాడు, ఇద్దరు మలయాళీలు వచ్చారు. ఉస్తాద్ నిజంగా ఆశ్చర్యపోయాడు. ఆ సాయంత్రం గ్రౌండ్ చుట్టూ కప్పగెంతులు వేయించాడు. సీసా మాత్రం పారేయించలేదు, లంగర్ స్టోర్‌లో పెట్టించి ఆదివారం భోజనంలో వడ్డించమన్నాడు. హర్యానా మనిషి. తనూ ఒక ముక్క వేసుకుని, కళ్లలో నీళ్లు పెట్టుకుని, ఇంకో ముక్క వేసుకున్నాడు.

అదే మే నెల 11న పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాయి. రోల్ కాల్‌లో చెప్పగానే బ్యారకంతా జై కొట్టింది. 13న ఇంకో రెండు. ఆ రాత్రి మా చర్చ ఏమిటంటే, అణుబాంబే ఉన్నాక ఇక ఫిరంగులతో పనేముంటుంది, మనల్ని ఇంటికి పంపేస్తారేమో అని. కడప వాడు తీవ్రంగా ఆలోచించి, "పింఛనొచ్చే దాకా ఉంచుతారులే" అన్నాడు.

బేసిక్ ట్రైనింగ్ అయ్యాక ట్రేడ్ ట్రైనింగ్. ఆర్టిలరీలో కొందరు డ్రైవర్లవుతారు, కొందరు రేడియో ఆపరేటర్లు, లెక్కలు బాగా వచ్చినవాళ్లు టెక్నికల్ అసిస్టెంట్లు. నేను గన్ మీదకి వెళ్లాను. 105 మిల్లీమీటర్ల ఇండియన్ ఫీల్డ్ గన్. మూడున్నర టన్నులకి కాస్త తక్కువ బరువు, 17 కిలోమీటర్లు కొడుతుంది. పేరుకు తగ్గట్టే మన దేశంలో తయారైంది. దాన్ని లాగే శక్తిమాన్ ట్రక్కు కూడా ఇక్కడిదే.

గన్ దగ్గర ప్రతి మనిషికీ ఒక నంబరు. నంబర్ వన్ హవల్దారు, ఆయనే ఆ గన్‌కి యజమాని. నంబర్ త్రీ లేయర్, గురి పెట్టేవాడు. ఒకడు బ్రీచ్ (గన్ వెనక తలుపు) తెరిచి మూస్తాడు, ఒకడు లోడ్ చేస్తాడు, మిగతావాళ్లు షెల్స్ అందిస్తారు. "టేక్ పోస్ట్!" అని అరుపు వినపడగానే ఎవడి చోటికి వాడు పరుగెత్తాలి. షెల్ లోపలికి నెట్టాలి, వెనకాల కార్ట్రిడ్జ్ పెట్టాలి, బ్రీచ్ మూయాలి, చెయ్యెత్తాలి. మళ్లీ మొదటి నుంచి. డమ్మీ షెల్‌తోనే ఇదంతా. పొద్దున్న మొదలుపెడితే టీ టైముదాకా ఇదే. ఆ తర్వాత నంబర్లు మార్చి మళ్లీ ఇదే. నంబర్ ఫోర్ పడిపోయాడు అంటాడు ఉస్తాద్, ఆ చోటుకి ఫైవ్ రావాలి. త్రీ కూడా పోయాడు అంటాడు, టూ లేచి గురి చూసే డయల్ సైట్ దగ్గర కూర్చోవాలి. ఇద్దరమే మిగిలాక కూడా గన్ ఆగకూడదు. చివరికి కళ్లకి గుడ్డ కట్టి చేయించాడు. చేతులకి కళ్లొచ్చేదాకా వదల్లేదు. ఆ రోజుల్లో రాత్రి నిద్రలో నేను దుప్పటి లోపలికి నెట్టి బ్రీచ్ మూసేవాణ్ణని పాలకొండ చెప్పేవాడు.

నాకు ఇష్టమైంది లేయర్ పని. గన్‌కి ఎడమ పక్కన కూర్చుని డయల్ సైట్‌లో కన్ను పెడితే దూరంగా పాతిన ఎర్ర తెలుపు చారల కర్రలు రెండూ ఒకే గీతలోకి రావాలి. గాజు గొట్టంలో బుడగ సరిగ్గా మధ్యన నిలబడాలి. బడిలో చక్రానికి 360 డిగ్రీలని చదివాం. ఇక్కడ 6,400 మిల్స్. ఒక మిల్లు తప్పితే కిలోమీటరు దూరంలో సుమారు ఒక మీటరు పక్కకి పోతుంది. పది కిలోమీటర్లకి పది మీటర్లు. "పది మీటర్లు అంటే నీకు తక్కువే రా, అక్కడ పాకుతూ ఎక్కే ఇన్‌ఫాంట్రీ వాడికి కాదు" అనేవాడు ఉస్తాద్. కొండ ఎక్కే మనవాళ్ల తల మీదుగా షెల్స్ పడుతుంటాయని, వాళ్లు దగ్గరికి చేరేకొద్దీ ఫైర్‌ని ముందుకి జరుపుతూ పోతామని బోర్డు మీద గీసి చూపించేవాడు. మరుసటి ఏడాది కార్గిల్ యుద్ధంలో, జూన్ 28న ద్రాస్ దగ్గర ప్రాణమిచ్చిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్ మనిషి, రాజ్‌పుతానా రైఫిల్స్. ఆయనకి మహావీర చక్ర ప్రకటించినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ బోర్డు మీద సుద్దముక్కతో గీసిన కొండ.

కార్గిల్‌లో మన ఆర్టిలరీ మొత్తం రెండున్నర లక్షలకు పైగా షెల్స్, బాంబులు, రాకెట్లు పేల్చిందని లెక్క. పేపర్లో ఆ అంకె చూసినవాళ్లు అబ్బో అంటారు. నాకైతే ఆ డమ్మీ షెల్, విసుగు, టీ కోసం చూసిన చూపులు గుర్తొస్తాయి.

ఇంత కష్టంలో సరదాలు లేవా అంటే ఉన్నాయి. ఆషాఢంలో గోల్కొండ కోటలో బోనాలు మొదలయ్యేవి. డప్పుల చప్పుడు గ్రౌండ్ దాకా వచ్చేది. మా వైపు గ్రామదేవత సంబరాలు గుర్తొచ్చి కాళ్లు వాటంతటవే కదిలేవి. "సావధాన్‌లో కదిలింది ఎవడు?" అని వెనక నుంచి అరుపు. సెప్టెంబర్ 28 గన్నర్స్ డే, ఆ రోజు బడాఖానా, అంటే అందరికీ కలిపి విందు. ఆఫీసర్లు మాతో కూర్చుని తినేవారు, ఉస్తాద్‌లు ఆ ఒక్కరోజు మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవారు. ఒక ఆదివారం అందరినీ కోటకి తీసుకెళ్లారు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినపడుతుందని గైడు చెప్పగానే ఉస్తాద్ మా వైపు తిరిగి, చప్పట్లు అంత దూరం వినిపిస్తుంటే మీ గొంతు గ్రౌండ్ అవతలకి వినపడదేం అన్నాడు. పెట్ల బురుజు మీద ఔరంగజేబు కాలం ఫిరంగి ఉంటుంది, ఫతే రహ్‌బర్ అని పేరు. జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మేం మాత్రం దీన్ని ఇంత పైకి ఎలా లాగారు, రీకాయిల్‌కి వెనక్కి ఎంత తన్నేది అని వాదించుకున్నాం. అంతవరకు వచ్చేసిందన్నమాట మా పిచ్చి.

1999 ఫిబ్రవరి నాటికి ట్రైనింగ్ ముగింపుకొచ్చింది. అదే నెల 20న వాజ్‌పేయి బస్సులో లాహోర్ వెళ్లారు. రిక్రియేషన్ రూమ్ టీవీలో అందరం చూశాం. ఇంక గొడవల్లేవు, హాయిగా పదిహేనేళ్లు చేసి పింఛను తీసుకోవచ్చని లెక్కలేసుకున్నాం. కడప వాడి జోస్యం ఫలించిందని వాడికి టీ తాగించాం.

ట్రైనింగ్ చివర ప్రమాణం చేసే కసమ్ పరేడ్‌కి నాన్న వచ్చాడు. అమ్మ పంపిన జీడిపప్పు, నువ్వులుండలు ఉన్న సంచి భుజాన వేసుకుని, కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. ఎవరి మతగ్రంథం మీద వాళ్లు చెయ్యి పెట్టి ప్రమాణం చేశాం. నేల మీదైనా, నీటి మీదైనా, గాలిలోనైనా ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తానన్నదే ఆ ప్రమాణంలో పెద్ద మాట. మిగతా రెజిమెంట్లకి జెండా ఎలాగో మాకు గన్ అలాగ. దానికే సెల్యూట్. పరేడ్ అయ్యాక నాన్న గన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. బేరల్ మీద అరచెయ్యి వేసి చూశాడు. "ఎంత బరువురా ఇది?" అన్నాడు. చెప్పాను. కాసేపు లెక్కేసుకుని, "ఎన్ని జతల ఎడ్లు కావాలో లాగడానికి" అన్నాడు. పక్కనే ఉన్న ఉస్తాద్‌కి ఆ మాట హిందీలో చెప్తే నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి శక్తిమాన్ ట్రక్కు చూపించాడు.

నాకు పోస్టింగ్ పంజాబ్‌లో, పఠాన్‌కోట్ వైపు ఒక ఫీల్డ్ రెజిమెంట్. పాలకొండ కూడా నాతోనే వచ్చాడు, అది మా అదృష్టం. యూనిట్‌లో చేరగానే తెలిసింది, సెంటర్‌లో నేర్చుకున్నది అ ఆ లేనని. మళ్లీ ట్రైనింగ్. రాత్రిపూట దీపాలు లేకుండా గన్ దింపడం, గోధుమ పొలాల గట్ల మీద పొజిషన్ తీసుకోవడం, తవ్వడం. తవ్వడం, తవ్వడం, తవ్వడం.

మే నెల వచ్చింది. కార్గిల్ కొండల మీద ఎవరో ఉన్నారని గొర్రెల కాపరులు చెప్పారన్న వార్త మెల్లగా పాకింది. మొదట పెద్దగా పట్టించుకోలేదు. సెలవులు రద్దయ్యాయి. సెలవులో ఉన్నవాళ్లకి టెలిగ్రాములు వెళ్లాయి. పెళ్లయి పట్టుమని పది రోజులు కాని ఒక నాయక్, పసుపు బట్టలు సంచిలో ఉండగానే తిరిగొచ్చాడు. 26న ఎయిర్‌ఫోర్స్ దాడులు మొదలయ్యాయని రేడియోలో విన్నాక ఇక ఎవరూ జోకులు వేయలేదు. అప్పుడు మొదలైంది మా అసలు చదువు. మైదానంలో కొట్టే లెక్క కొండల్లో పనికిరాదు. పైన గాలి పలచన, షెల్ ఇంకా దూరం పోతుంది. కొండ వెనక దాక్కున్నవాణ్ణి కొట్టాలంటే బేరల్ బాగా పైకెత్తాలి. టెక్నికల్ అసిస్టెంట్లు రాత్రింబవళ్లు టేబుళ్ల ముందు కూర్చున్నారు. మేం పగలంతా గన్ బేరల్ లోపల తుడిచాం, షెల్స్ లెక్కపెట్టాం, ట్రక్కు టైర్లకి చెయిన్లు బిగించడం నేర్చుకున్నాం.

కదిలే ముందురోజు అందరి కాగితాలూ సరిచూశారు. దగ్గరి బంధువు ఎవరు, అడ్రసు ఏమిటి, డబ్బు ఎవరికి చెందాలి. నేను అమ్మ పేరు రాశాను. సొంత సామాన్లన్నీ నల్ల ట్రంకుల్లో పెట్టి తాళం వేసి వెనక వదిలేయమన్నారు. వరసగా పేర్చిన ట్రంకులు, ప్రతి దాని మీదా తెల్ల పెయింటుతో ఊరి అడ్రసు. అది ఎందుకు రాయించారో అప్పుడు ఎవరూ అడగలేదు. పాలకొండ తన ట్రంకు మీద పిన్‌కోడ్ చెరిగిపోయిందని పెయింటు కోసం వెతికాడు. దొరక్కపోతే బ్లేడుతో గీశాడు.

జమ్మూ, ఉధంపూర్, జవహర్ టన్నెల్, శ్రీనగర్. ట్రక్కు వెనక కూర్చుని కశ్మీరు చూడటం కూడా టార్పాలిన్ సందులోంచే. సింధ్ నది ఒడ్డున పైకి పోతూ సోనామార్గ్ చేరాం. అక్కడ ఆపేశారు. 9,000 అడుగుల ఎత్తు. ఇక మీకు ఇక్కడ కొత్త ట్రైనింగ్ అన్నారు డాక్టరు గారు. ఏమిటా ట్రైనింగ్ అంటే, పడుకోవడం!

నిజం. అక్లమటైజేషన్ అంటారు. మైదానం మనిషి ఒక్కసారిగా ఎత్తుకి పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదకొస్తుంది. అందుకే 9,000 నుంచి 12,000 అడుగుల దాకా ఆరు రోజుల పద్ధతి. మొదటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత రెండు రోజులు మెల్లగా నడక, చివరి రెండు రోజులు కొంచెం ఎక్కుతూ నడక. పరుగెత్తకూడదు, బరువెత్తకూడదు, సిగరెట్ ముట్టకూడదు, నీళ్లు బాగా తాగాలి. ఏడాది పాటు కూర్చుంటే తిట్టినవాళ్లు ఇప్పుడు నిలబడితే తిడుతున్నారు. మొదటి పూట పండగలా ఉంది. గుడారంలో పడుకుని పేకాడాం. రెండో పూటకి తలనొప్పి మొదలైంది, నిద్ర పట్టదు, తిండి సయించదు. మా రెజిమెంట్‌లో కబడ్డీ ఆటగాడు, ఎద్దులాంటి మనిషి, నాకేమీ కాలేదని వాగు దాకా పరుగెత్తి వచ్చాడు. రాత్రికి దగ్గు, ఆయాసం. తెల్లవారకముందే అంబులెన్సులో కిందకి దింపేశారు. బతికాడు గానీ మళ్లీ మాతో పైకి రాలేదు. మాలో బక్కగా, ఎప్పుడూ చివర పరుగెత్తే తమిళ కుర్రాడికి మాత్రం తలనొప్పి కూడా రాలేదు.

గోల్కొండ ఎండలో ఫ్రంట్ రోల్ కొట్టడం తేలిక. ఆ పడుకోవడం కష్టం. గుడారం బయట రోడ్డే. పైకి పోయే ట్రక్కుల్లో షెల్స్ పెట్టెలు, కిందికి వచ్చేవాటిలో అంబులెన్సులు. హెలికాప్టర్లు లోయలో పోతుంటే అందరం మాట ఆపి తలలెత్తేవాళ్లం. జూన్ 13న ద్రాస్ దగ్గరి తోలోలింగ్ శిఖరం మన చేతికొచ్చిందని తెల్లారాక తెలిసింది. మనం లేకుండానే యుద్ధం అయిపోతుందేమోనని ఒకడు, అయిపోతే మంచిదేగా అని ఇంకొకడు. ఇద్దరూ నిజమే చెప్పారనుకుంటాను. నాలోనే ఆ ఇద్దరూ ఉన్నారు. ఏమీ తోచక గన్ దగ్గరికి పోయి, పరుగు లేకుండా, అరుపు లేకుండా, మెల్లగా నడుస్తూ డ్రిల్లు చేసేవాళ్లం. నంబర్ వన్ గుసగుసగా "టేక్ పోస్ట్" అనేవాడు. పెళ్లిలో బిందెలో ఉంగరం వెతుకుతున్నట్టు అంత నెమ్మదిగా షెల్ నెట్టేవాళ్లం. నవ్వొచ్చేది. నవ్వితే ఆయాసం.

అక్కడి నుంచే ఇంటికి ఇన్‌లాండ్ లెటర్ రాశాను. ఎక్కడున్నామో రాయకూడదు, కింద కేరాఫ్ 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అంతే. "నేను క్షేమం. ఇంకా ట్రైనింగ్‌లోనే ఉన్నాం. ఇక్కడ చల్లగా బాగుంది. పని తక్కువ, ఎక్కువసేపు పడుకుంటున్నాం" అని రాశాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. పాలకొండకి నా ఉత్తరం బాగా నచ్చి, అదే మాట మాటకి కాపీ కొట్టి వాళ్ల నాన్నకి పంపాడు.

జోజిలా కనుమ రాత్రిపూట దాటాం. 11,500 అడుగుల పైన, ఒకవైపు మంచుగోడ, ఇంకోవైపు లోయ, రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. లైట్లు లేవు. ముందు ట్రక్కు వెనక భాగంలో చిన్న తెల్లమచ్చ మాత్రం చూసుకుంటూ మా డ్రైవరు, రాజస్థాన్ మనిషి, స్టీరింగ్ మీదకి వంగి నడిపాడు. మలుపు తిరగనప్పుడు గన్ విప్పి, చేతులతో జరిపి, మళ్లీ తగిలించాం. ద్రాస్ ఇవతల మా పొజిషన్‌కి చేరేసరికి ఇంకా తెల్లవారలేదు. మొదటి ఆర్డరు ఏమిటనుకుంటున్నారు? తవ్వమని. పారలు, గడ్డపారలు తీశాం. నేల సగం రాయి, గోల్కొండ నేల లాగే. మర్నాడు మధ్యాహ్నం తొలి ఫైర్ ఆర్డర్ వచ్చింది. అలవాటు కొద్దీ నేను షెల్స్ దగ్గర నుంచి గన్ వైపు దూసుకుపోయాను. నంబర్ వన్ వెనక నుంచి అరిచాడు, "నడు రా, పరుగెత్తకు, ఊపిరి దాచుకో!"

నాన్న జవాబు ఆ పొజిషన్‌లోనే అందింది. జూలైలో, టైగర్ హిల్ మనదయ్యాక. నాన్నకి రాత రాదు, ఊళ్లో మాస్టారి చేత రాయించాడు. మాటలు మాత్రం ఆయనవే. "బాబూ, ఉత్తరం అందింది. ట్రైనింగ్‌లోనే ఉన్నావని రాశావు, సంతోషం. కరెంటున్న రోజుల్లో మీ ట్రైనింగ్ ప్రెసిడెంటు గారింట్లో టీవీలో చూస్తున్నాం. మీ అమ్మ రావట్లేదు, నేనే వెళ్తున్నాను. చలికి చెవులు కట్టుకో. వానలు ఆలస్యమయ్యాయి, ఇప్పుడే ఆకుమడి పోశాం. యూరియా బస్తా రేటు పెరిగింది, వీలైతే డబ్బు పంపు."